గుడ్డి కరెంటు

కాగితం రంగు మారలేదు.

సూర్యకుమారి పాత పేపరు ముక్కని స్ట్రెయిటనర్ పలకల మధ్య పెట్టి మళ్లీ గట్టిగా నొక్కింది. కాసేపాగి తీసి వెలుతురుకి పట్టి చూసింది. తెల్లగానే ఉంది. గుడివాడలో తను పని నేర్చుకున్న పార్లర్లో మేడమ్ ప్రతిసారీ ఇలాగే కాగితం పెట్టి చూసేది. కాగితం పచ్చబడితే వేడి మితిమీరినట్టు, జుట్టుకి ఆనించకూడదు. అసలేమీ కాకపోతే ఏం చెయ్యాలో మేడమ్ చెప్పలేదు. గుడివాడలో ఆ అవసరం రాలేదు.

“ఏమయిందే నీ జుట్టు ఇస్త్రీ పెట్టెకి, జలుబు చేసిందా?” అంది వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు.

గది నిండా ఆడవాళ్లే. చోటు దొరకనివాళ్లు కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతున్నారు. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసకలోకి లాగేసి ఉన్నాయి. మగాళ్లు తాటాకు పాకల కింద వలలు కుట్టుకుంటూ, పేకాడుకుంటూ ఇంటిపట్టునే ఉన్నారు. దిబ్బపాలేనికి ఏడాదికొకసారి వచ్చే సెలవులు ఇవే. అందుకే ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఈ ఎండల్లోనే. ఎల్లుండి సాయంత్రం కోటేశ్వరరావు కూతురు దివ్యశ్రీ పెళ్లి.

పీట మీద కూర్చున్నది దివ్యశ్రీయే. నడుం దాకా జుట్టు. చెయ్యి పెడితే చెయ్యి కనపడనంత ఒత్తు. అంతా ఉంగరాలు. దువ్వి జడేసుకుంటే బాగానే ఉంటుంది గాని, నిశ్చితార్థం నాడు విరబోసుకుని కూర్చుంది. ఆ రోజు సముద్రపు గాలి జోరుగా వీచింది. వీడియో సీడీ వేసుకుని చూస్తుంటే అబ్బాయి తరపువాళ్లు పిల్ల మొహం వెతుక్కోవాల్సి వచ్చిందని నవ్వారట. ఆ మాట నాగాయలంక చుట్టాల ద్వారా దివ్యశ్రీ చెవిన పడింది. అప్పట్నుంచీ ఆ పిల్లది ఒకటే పట్టు. పీటల మీదికి జడేసుకునే వెళ్తుంది, దానికేం అభ్యంతరం లేదు. కాని దానికి ముందు స్టేజీ మీద కుర్చీల్లో కూర్చోబెట్టి వీడియో తీసేటప్పుడు మాత్రం టీవీలో షాంపూ అమ్మాయికి మల్లే జుట్టు జారుతూ ఉండాలి.

సూర్యకుమారికి ఇది మొదటి పెళ్లి పని. పెళ్లికూతురు జుట్టు నిలబడితే ఈ సెలవుల్లో తీరం పొడుగునా ఎన్ని పెళ్లిళ్లో అన్ని ఇళ్ల గడపలు తొక్కొచ్చు. పాడయితే మాత్రం వాళ్లమ్మ పక్కన ఇసకలో కూర్చుని చేపలెండబెట్టుకోవడమే. దివ్యశ్రీ చిన్నప్పట్నుంచీ పక్కింటి పిల్ల. అందుకని భయం ఇంకా ఎక్కువ.

ఆమె నెత్తిమీది బల్బు కేసి చూసింది. లోపలి తీగ ఎర్రగా, ఆరిపోబోయే నిప్పులా ఉంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. మూలనున్న టీవీలో బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకుపోయి మధ్యలో కూర్చుంది. ఇది ఊరికి అలవాటే. రోడ్డుకి అవతల గంగాధరరావు గారి రొయ్యల చెరువులు. రొయ్యకి గాలి అందేలా వాటిలో నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్నంత సేపూ ఊళ్లో కరెంటు ఇలాగే గుడ్డిగా ఉంటుంది. రొయ్య ఎదిగి పట్టుబడికి దగ్గరపడింది గనక ఇప్పుడు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి. ఎండ నడినెత్తికొచ్చాక కాసేపు ఆపుతారు. ఆ కాసేపట్లోనే ఊళ్లో నీళ్ల మోటార్లు, మిక్సీలు. గంగాధరరావు గారు విజయవాడలో ఉంటారు. ఆయన్ని ఊళ్లో చూసినవాళ్లు తక్కువ. అందుకని తిట్లన్నీ చెరువు కాపలాదారు పిచ్చేశ్వరరావుకే.

“చెయ్యవే, ఏదో ఒకటి,” అంది దివ్యశ్రీ, తల తిప్పకుండా.

సూర్యకుమారి దువ్వెన తోకతో చెవి పైనుంచి సన్నగా ఒక పాయ తీసింది. మిగతా జుట్టుని పైకి మడిచి క్లిప్పు పెట్టింది. సీరం ఒక చుక్క అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్ది, పాయ పొడుగునా కుదుళ్లు వదిలేసి రాసింది. వేడి నేరుగా వెంట్రుకకి తగలకుండా ఆపేది అదే. తర్వాత పలకలు మూసి పైనుంచి కిందికి మెల్లగా లాగింది. ఉంగరం కొంచెం సాగి మళ్లీ ముడుచుకుంది. మళ్లీ లాగింది. ఇంకోసారి. అప్పుడు పాయ నిలువునా జారి దివ్యశ్రీ భుజం మీద పడింది. పట్టు దారంలా ఉంది. వాసన లేదు. వేళ్ల మధ్య మెత్తగా, చల్లగా ఉంది.

దివ్యశ్రీ అద్దం లాక్కుని ఆ ఒక్క పాయనీ ముందుకీ వెనక్కీ ఊపి చూసుకుంది. ఊపినప్పుడల్లా కిటికీ దగ్గర పిల్లలు కేకలేశారు. దివ్యశ్రీ మామ్మ వెంకటరత్నమ్మ ముందుకొంగి ఆ పాయని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ జుట్టుకి పుట్టినప్పట్నుంచీ నూనె రాసింది ఆవిడే. పాయని మళ్లీ భుజం మీదికి వదిలేసింది.

అలా చేస్తూ పోగా భోజనాల వేళకి నుదుటి పక్క నాలుగు పాయలయ్యాయి. అప్పుడే బందరు నుంచి పెళ్లికూతురి మేనత్త అన్నపూర్ణ దిగింది. బ్యాగు కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి చూసింది. బందర్లో పార్లర్ ఆవిడ ఇదే పని కాఫీ తాగినంత సేపట్లో చేసేస్తుందని, కబురు చేస్తే కారులో వచ్చి చేసి వెళ్తుందని అన్నగారితో చెప్పింది.

“ఈ లెక్కన పెళ్లికొడుకు వచ్చి, భోంచేసి, పడుకున్నాక లేస్తుంది మన పిల్ల,” అంది.

అందరూ మళ్లీ నవ్వారు. సూర్యకుమారి కూడా నవ్వింది గాని చెవులు వేడెక్కాయి. కోటేశ్వరరావు సర్దిచెప్పాడు. తప్పు అమ్మాయిది కాదని, కరెంటుదని, ఎలాగూ పందిరి లైట్లకి జనరేటర్ మాట్లాడాను గనక దాని వైరు ఒకటి ఈ గదిలోకి లాగిస్తానని చెప్పాడు. ఫుల్లు కరెంటు ఇస్తే ఎంత సేపు పడుతుంది, నీ చేతిలో పనే కదా అన్నాడు. సూర్యకుమారి ఆ మాట పట్టుకుని ఇంటికి దాదాపు పరుగెత్తింది. జనరేటర్. తన పెట్టె కోసం వేరే వైరు. గుడివాడ మేడమ్‌కి కూడా అంత మర్యాద జరిగి ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం చక్రాలు ఆగాయి. ఊరికి ఆ సంగతి చెవుల్తో తెలుస్తుంది. రోడ్డవతల హోరు తెగిపోగానే ఇంటింటా మోటార్లు మొదలవుతాయి. సూర్యకుమారి ఇంట్లో బల్బు తెల్లగా వెలిగింది. ఫ్యాను ఈల వేసింది.

జనరేటర్ మీద ఎలా ఉంటుందో ముందే చేయి కుదుర్చుకోవాలని ఆ వేళ కోసమే ఆమె కాచుకు కూర్చుంది. తలుపు గడియ పెట్టి, అద్దం గోడకి ఆనించి, ప్లగ్గు పెట్టింది. కొత్త పని ఏదైనా మొదట తన జుట్టు మీద చేసుకోవాలన్నది పార్లర్లో నేర్చుకున్న పద్ధతి. మెడ వెనక కనపడని చోట ఒక పాయ తీసి సీరం రాసింది. పేపరు ముక్క పెట్టి తీసింది. పచ్చబడింది. అంచున గోధుమరంగు. వద్దనుకుంటూనే, మేడమ్ చేతి వేగం గుర్తు తెచ్చుకుని, తొందరగా లాగితే ఏం కాదనుకుంది.

సుయ్‌మంది. తాలింపులో తడి కరివేపాకు పడ్డట్టు. ఒక్కసారే పాయ నిటారుగా సాగింది, ఎంత సాఫీగా అంటే ఆమెకి సంతోషమేసింది. ఆ సంతోషంలోనే చివర పట్టుకుని దువ్వింది. పాయ దువ్వెనతో పాటు వచ్చేసింది. బెత్తెడు ముక్క. మెడ దగ్గర మిగిలిన కొసలు చీపురు పుల్లల్లా గుచ్చుకున్నాయి. గది నిండా కాలిన ఈక వాసన.

ఆమె దువ్వెన పళ్లలోంచి ఆ ముక్కని ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ప్లగ్గు పీకి, చల్లారుతున్న పెట్టెతో ఇంకో పాయ చేసి చూసింది. మొదట మాడింది, మధ్యలో బాగుంది, చివరికొచ్చేసరికి ఉంగరం అలాగే ఉండిపోయింది. మేడమ్ పెట్టెకి వేడి తగ్గించే బిళ్ల ఒకటి ఉండేది. తన పెట్టెకి ఎర్ర దీపం తప్ప ఇంకేం లేదు. ఎంత కరెంటు వస్తే అంత వేడి.

జనరేటర్ కరెంటు ఇంతే ఉంటుంది. ఇంతకంటే తక్కువైతే ఉండదు.

దివ్యశ్రీ జుట్టు తన జుట్టు కంటే మెత్తన. నుదుటి పక్కన ఆ నాలుగు పాయలు నిన్నట్నుంచీ ఇంకా జారుతూనే ఉన్నాయి, తెగలేదు, వాసన లేదు. కాగితం రంగు మార్చలేనంత తక్కువ వేడే దానికి కారణం అని అప్పుడు తట్టింది. తనకి అడ్డమనుకున్న ఆ గుడ్డి కరెంటే పాయని నెమ్మదిగా, కాల్చకుండా సాగదీసింది. సూర్యకుమారి లేచి తలుపు గడియ తీసింది. తెగిన పాయని చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకుని చెరువుల వైపు నడిచింది.

చెరువు గట్టు మీద రేకుల షెడ్డు ముందు పిచ్చేశ్వరరావు మేత పళ్లెం నీళ్లలోంచి లాగి రొయ్యల్ని చూస్తున్నాడు. పామర్రు దగ్గరి మనిషి. వచ్చి మూడో పంట. ఊరిపిల్ల ఒకతి గట్టెక్కి రావడం చూసి లేచి నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నట్టు మొహం ముందే దించుకున్నాడు.

ఆమె చెప్పింది. రేపు పొద్దున్నుంచి పెళ్లికూతుర్ని గదిలోంచి బయటికి తెచ్చేదాకా చక్రాలు ఆపొద్దని. మధ్యాహ్నం కూడా.

అతను పళ్లెం కింద పెట్టాడు.

“ఈ ఊళ్లో నన్ను చక్రాలు ఆపమని అడగని మనిషి లేదమ్మా. తిప్పమని అడిగింది నువ్వొక్కదానివే.”

రొయ్యకి గాలి ఎక్కువైతే నష్టమేం లేదని, ఓనరు అసలు ఆపొద్దనే అంటాడని, మధ్యాహ్నం ఆపేది కూడా ఊళ్లోవాళ్లు నీళ్లు పట్టుకుంటారని తను చేసే పనేనని అతను నెమ్మదిగా చెప్పాడు. సూర్యకుమారికి ఆ సంగతి తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. రేపు పెళ్లి కదా, మధ్యాహ్నం ఆపకపోతే నీళ్లకి ఇబ్బంది అవుతుందేమో, మీవాళ్లు ఊరుకుంటారా అని అడిగాడు. తను చెప్పుకుంటానంది. చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించలేదు.

వెళ్లేటప్పుడు పెళ్లికి వస్తున్నారా బాబాయ్ గారూ అని అలవాటుగా అడిగింది. అతను నవ్వి, ఇక్కడికి సన్నాయి బాగానే వినపడుతుందమ్మా అన్నాడు.

పెళ్లి రోజు పొద్దున మంగళస్నానం దగ్గర సూర్యకుమారి ముందే బతిమాలింది. తలకి నూనె శాస్త్రానికి ఒక్క చుక్కే అంటించమని. నూనె ఉన్న జుట్టు మీద పెట్టె పెడితే మూకుట్లో వేసినట్టేనని. ముత్తైదువలు సరేనన్నారు. ఒకరి తర్వాత ఒకరు గరిక ముంచి చుక్క పెట్టారు. చివర వెంకటరత్నమ్మ వచ్చింది. ఆవిడ గిన్నె ఎత్తి మాడు మీద బోర్లించింది.

“వేడి తగిలే జుట్టుకి నూనె లేకపోతే ఎలాగే?” అంది, తప్పేం చెయ్యనట్టు. రెండు చేతుల్తో చివర్ల దాకా పట్టించేసింది. ఆవిడకి తెలిసిన రక్షణ అదొక్కటే. ఎండకి నూనె, ఉప్పుగాలికి నూనె, ఇప్పుడీ పెట్టెకీ నూనె.

ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. సూర్యకుమారి ఏడుపు మింగి కుంకుడు పులుసు అందుకుంది. రెండు మార్లు రుద్దింది. రెండో మారు నురగ తెల్లగా లేచాక గాని వదల్లేదు. గంప బోర్లించి కింద సాంబ్రాణి వేసిన నిప్పులు పెట్టి, జుట్టంతా గంప మీద పరిచి, చేతికి తడి తగలనంత వరకూ ఆరబెట్టింది. తడి జుట్టు మీద పెట్టె పెడితే నీళ్లు లోపలే ఉడుకుతాయి. పాయ పాయకీ వేళ్లు దూర్చి చూస్తుంటే వెంకటరత్నమ్మ గంప పక్కనే కూర్చుని, నిప్పులు ఎగదోసినప్పుడల్లా గంపని రెండు వేళ్లెత్తు పైకి లేపుతోంది. ఎవరూ చెప్పలేదు. సూర్యకుమారి అది చూసింది.

పని మొదలైంది. చక్రాల హోరు వినపడుతూనే ఉంది. బల్బు పగలే వేసి పెట్టుకుంది, అదే ఆమె గడియారం. తీగ ఎర్రగా ఉన్నంత వరకూ చెయ్యి మెల్లగా దిగుతుంది. కాగితం తెల్లగా ఉంటుంది. పాయ తీయడం, చుక్క రాయడం, మూడు మార్లు లాగడం, చల్లారేదాకా అరచేతిలో పట్టుకోవడం, వదలడం. వదిలిన ప్రతి పాయకీ దివ్యశ్రీ వేళ్లు వెనక్కొచ్చి తడుముకుంటున్నాయి. వీపు సగం నల్లటి నీళ్లు జారినట్టయింది. కిటికీలోంచి చూసేవాళ్లు వంతులు పెట్టుకున్నారు. ఒకళ్లు చూసి వెళ్లి పందిట్లో చెప్పడం, ఇంకొకళ్లు పరుగెత్తుకు రావడం.

జనరేటర్ వచ్చింది. వాళ్ల మనిషి వైరు లాక్కొచ్చి గోడకి బోర్డు వేలాడదీసి వెళ్లాడు. అన్నపూర్ణ వచ్చి, ఇంకా ఆ గుడ్డి కరెంటు మీదేనా అని ప్లగ్గు పీకబోయింది. సూర్యకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దామె చేతికి అలా అడ్డం పెట్టడం ఆమెకి అదే మొదలు. ఎందుకని అన్నపూర్ణ అడిగితే, కొంచెం సేపు అత్తా అంది గాని, కారణం చెప్పలేదు. జనరేటర్ని కాదంటే కోటేశ్వరరావు మావయ్య మర్యాదని కాదన్నట్టు ఉంటుంది. అన్నపూర్ణ మూతి ముడుచుకుని, సెల్ ఫోన్ తీసుకుని బందరు నంబరు కోసం సిగ్నల్ వెతుక్కుంటూ బయటికెళ్లింది.

ఎండ నడినెత్తికొచ్చింది. చక్రాలు ఆగలేదు.

పందిరి వెనక వంటవాళ్లు ఖాళీ గంగాళాలు మోగిస్తున్నారు. బోరు మోటారు గురకపెడుతోంది గాని నీళ్లు లాగడం లేదు. మగపెళ్లివారి విడిదిలో కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు లేవని కబురొచ్చింది. మగాళ్లు పేక ముక్కలు పడేసి లేచారు. రోజూ ఈ వేళకి ఆపేవాడు ఇవాళే ఆపకపోవడం కావాలని చేసిందేనని ఎవరో అన్నారు. పెళ్లికి పిలవలేదని కక్షన్నారు. పడవ తోసే గెడలు రెండు పైకి లేచాయి. ముందు కోటేశ్వరరావే ఉన్నాడు, పట్టు పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి. చక్రాల స్టార్టరు పెట్టె పగలగొట్టి వద్దామని బయల్దేరారు.

సూర్యకుమారి చేతిలో పాయ సగంలో ఉంది. ఆ మాటలన్నీ కిటికీలోంచి వినపడ్డాయి. వాళ్లు వెళ్లి చక్రాలు ఆపిన క్షణం బల్బు తెల్లబడుతుంది. పెట్టె ఆపేసి ఊరుకోవచ్చు. అప్పుడు సగం జుట్టుతో పెళ్లికూతురు. రేపట్నుంచి తనని ఏ ఇంటివాళ్లూ పిలవరు. చెరువు దగ్గర మాత్రం ఒక మనిషి తను అడిగిన పనికి దెబ్బలు తింటాడు.

పెట్టె పక్కన పెట్టి గుమ్మంలోకొచ్చింది.

“మావయ్యా, ఆగండి. చక్రాలు ఆపొద్దని చెప్పింది నేనే.”

పందిట్లో అందరూ ఇటు తిరిగారు. కోటేశ్వరరావుకి అర్థం కాలేదు. ఆమె నిన్న తెగిన పాయని ఇవాళ కూడా చీర కుచ్చిళ్ల దగ్గరే దోపుకుంది, అది తీసి అరచేతిలో చూపించింది. ఇది నా జుట్టేనని, నిన్న కరెంటు బాగా వచ్చినప్పుడు ఇలా అయిందని, జనరేటర్ మీద పెడితే దివ్యకీ ఇలాగే అవుతుందని, ఈ గుడ్డి కరెంటులోనే జుట్టుకి ప్రమాదం లేదని ఒక్క ఊపిరిలో చెప్పింది. చెప్పాక వెనక్కి తిరిగి జడ పక్కకి తీసి మెడ చూపించింది. అన్నపూర్ణ ఫోను పట్టుకున్న చేత్తోనే ఆ మొండి కొసల్ని ముట్టుకుంది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాయి. ఆవిడ ఫోను మూసేసింది.

“మధ్యాహ్నం రోజూ ఆపేది మన నీళ్ల కోసమేనంట మావయ్యా, రొయ్యల కోసం కాదు,” అంది సూర్యకుమారి. ఆ మాట ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. గెడ పట్టుకున్నవాళ్లలో ఒకడు దాన్ని పందిరి రాటకి ఆనించాడు.

లోపల్నుంచి దివ్యశ్రీ గొంతు వినపడింది.

“నాన్నా, చక్రాలాగితే నేను ఈ గది దాటి రాను.”

కోటేశ్వరరావు కూతురి గది వైపు చూశాడు. జనరేటర్ వైపు చూశాడు. గురకపెడుతున్న బోరు మోటారు వైపు చూశాడు. తర్వాత చేతిలో గెడ కింద పడేసి, గోడకి వేలాడుతున్న బోర్డు పీకి ఆ వైరు బోరు మోటారుకి కలపమన్నాడు. జనరేటర్ కేకేసింది. గొట్టంలోంచి నీళ్లు గంగాళంలోకి దూకాయి. వంటవాళ్లు ఈలలేశారు. సన్నాయివాళ్లు తమకే అనుకుని ఎత్తుకున్నారు. కోటేశ్వరరావు లోపలికెళ్లి పసుపు అంటిన శుభలేఖ ఒకటి తీసుకుని, పంచె కిందికి దించుకుని, ఒక్కడే రోడ్డు దాటి చెరువుల వైపు వెళ్లడం సూర్యకుమారి కిటికీలోంచి చూసింది. అప్పటికే ఆమె చేతిలో తర్వాతి పాయ ఉంది.

సాయంత్రం గాలి లేచేవేళకి పని అయింది. చివరి పాయ జారాక దివ్యశ్రీ లేచి నిలబడి తల ఒకసారి ఇటూ అటూ విసిరింది. జుట్టంతా ఒక్క కెరటంలా లేచి మళ్లీ దాని చోట దానికి పడింది. ఒక్క వెంట్రుక మొహం మీదికి రాలేదు. వెంకటరత్నమ్మ వెనకనుంచి చివర్లు చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపింది, లాగింది. తెగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“సాంబ్రాణి వాసనే ఉందే,” అంది. సూర్యకుమారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

స్టేజీ మీద కుర్చీలో దివ్యశ్రీ కూర్చుంటే వీడియో అతను లైటు పట్టుకుని ముందుకీ వెనక్కీ తిరిగాడు. సముద్రం మీంచి గాలి వస్తూనే ఉంది. పెళ్లికొడుకు చెల్లెలు స్టేజీ ఎక్కి, వదిన భుజం మీది జుట్టు ముట్టుకుని, ఎవరు చేశారని అడగడం కింద ఉన్నవాళ్లందరికీ వినపడింది. దివ్యశ్రీ చెయ్యెత్తి గది గుమ్మం వైపు చూపించింది. గుమ్మంలో నిలబడ్డ సూర్యకుమారి తల దించుకోలేదు. చూడనిచ్చింది.

ఆ తర్వాత గది నిండిపోయింది. పీటల మీదికి ఇంకా వేళుంది, దివ్యశ్రీకి జడ వెయ్యడానికి క్షణం పట్టదు, ఈలోగా నాకు ముందు రెండు పాయలైనా చాలని ఒకరు, నాకు చెవి దగ్గర అని ఒకరు. మగపెళ్లివారి ఆడపిల్లలు కూడా సిగ్గుపడుతూ వచ్చి వరసలో నిలబడ్డారు. కోడూరు వాళ్లెవరో వచ్చే వారం మా ఇంట్లో పెళ్లి, మా ఊళ్లో కరెంటు ఇంతకంటే అధ్వాన్నం, భయం లేదు, రావాలి అని మాట తీసుకున్నారు. వాళ్లందర్నీ మోచేతుల్తో తప్పించుకుని అన్నపూర్ణ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా ముడి విప్పేసి పీట మీద కూర్చుంది.

సూర్యకుమారి పాయ తీసింది. కుడిపక్క అయిపోయింది. ఎడమపక్కకి దువ్వెన దూర్చబోతుండగా రోడ్డవతల హోరు తెగిపోయింది. నెత్తిమీద బల్బు ఎర్రనిది పసుపై, పసుపు తెల్లనై, గదంతా పట్టపగలయింది. ఫ్యాను ఈల వేసింది. ఎన్నేళ్లనుంచో ఆ వెలుతురు కోసం మొక్కుకుంటున్న ఆడవాళ్లు.

“అయ్యో, కరెంటొచ్చేసింది,” అని మూలిగారు అందరూ ఒక్కసారి.

సూర్యకుమారి ప్లగ్గు పీకేసింది. ఇంతటితో సరి అంది. ఎంత బతిమాలినా మళ్లీ పెట్టలేదు.

కాసేపటికి పందిరి గుమ్మం దగ్గర పిచ్చేశ్వరరావు కనపడ్డాడు. తెల్ల చొక్కా, తడి జుట్టు వెనక్కి దువ్వుకుని, ఒక చేతిలో శుభలేఖ. లోపలికి రావాలో అక్కడే నిలబడాలో తెలియక అరటి బోదె పట్టుకుని నిలబడ్డాడు. అందరికంటే ముందు గదిలోంచి అన్నపూర్ణ వెళ్లింది, పైట తలమీదికి లాక్కుని.

“రండన్నయ్య గారూ. అక్షింతలేసి, కడుపునిండా భోంచేయండి,” అంది. అని ఇంకా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “చేసి కాస్త తొందరగా వెళ్లి, ఆ చక్రాలు వేసెయ్యండి.”

పిచ్చేశ్వరరావు ఆవిడ తల కేసి చూశాడు. పైట కింద కుడిపక్క సాఫీగా జారుతోంది, ఎడమపక్క ఉంగరాలు తిరిగి ఉంది. అతను నవ్వు ఆపుకుంటూ, అలాగేనమ్మా అని, అక్షింతల పళ్లెం వైపు నడిచాడు.